విరాడా ఘాటులో మూడో గేరు

జూన్ 24, ఆదివారం

సావ్ జువావ్ పండగ భోజనానికి కొండమీద సావ్ రోకే ఊళ్ళో అత్తగారింటికి వెళ్ళాం. వాకిట్లో మంట, అల్లం వేసి కాచిన కషాసా సారా, మొక్కజొన్న పాయసం. నేను నోరు తెరిచేవరకు అంతా బాగానే నడిచింది.

మా ఆయన జెనెజియో తమ్ముడు దిమాస్ మాట కదిపాడు. "వారం వారం బెలో నగరం మార్కెట్‌కి చీజు తోలుతున్నావు కదన్నా, బంకులో బండికి పోసే ఆల్కహాలు ధర ఇలా మండిపోతుంటే నీకేం గిట్టుబాటవుతోంది?" అని. మా ఆయన కుర్చీలో వెనక్కి వాలి తన విద్య బయటపెట్టాడు. దారిలో విరాడా ఘాటు దిగుడు మొదలవగానే గేరు తీసేసి న్యూట్రల్‌లో వదిలేస్తాడట. లోడు బరువుకి బండి అదే జారుకుంటూ కిందికి పోతుందట. చుక్క ఖర్చు లేదట.

"తప్పు," అన్నాను. "గేరులోనే ఉంచి యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీసి చూడు. చక్రాలే ఇంజనుని తిప్పుతాయి కాబట్టి కంప్యూటరు ఇంధనం పూర్తిగా కట్టేస్తుంది. న్యూట్రల్‌లో వదిలితే ఆగిపోకుండా ఉండటానికైనా ఇంజను తాగుతూనే ఉండాలి. నువ్వు చేసేది పొదుపు కాదు, ఒలకబోయడం. పైగా అంత బరువూ ఒక్క బ్రేకుల మీదే పడుతుంది."

కార్ల కంపెనీలో ఇరవై ఏళ్ళుగా గేరుబాక్సులతో కాపురం చేస్తున్నదాన్ని. అంత తప్పు మాట విని ఊరుకోమంటే ఎలా ఊరుకుంటాను.

దిమాస్‌కి కావలసింది దొరికింది. "చూశావా అన్నా, వదినకి కంపెనీవాళ్ళు జీతం ఊరికే ఇవ్వటంలేదు. ఇన్నాళ్ళూ నువ్వు కొండకి తాగబోశావన్నమాట," అన్నాడు. అందరూ నవ్వారు. అత్తగారు కూడా, ఏప్రన్ నోటికి అడ్డం పెట్టుకుని. జెనెజియో కూడా నవ్వాడు గానీ, లేచి మంట దగ్గరికి పోయి మేం బయల్దేరేదాకా అక్కడే నిలబడ్డాడు.

మేం అంటే నేనే. "గురువారం లోడుకి ఎలాగూ ఇక్కడికే రావాలి కదా, ఉండిపోతాను," అన్నాడు. ఉండమన్నాను. చీజు తోలే అతని పికప్ అక్కడే ఉంది, కారు నాది కాబట్టి తోలుకుంటూ బెచింలో మా ఇంటికి వచ్చేశాను.

జూన్ 27

ఇల్లు ప్రశాంతంగా ఉంది. స్నానాలగదిలో నేల పొడిగా ఉంది. టీవీ రిమోటు పెట్టిన చోటే ఉంది. నాకేం ఇబ్బంది లేదు.

జూలై 2

ఆఫీసులో తల పగిలిపోతోంది, అదొకందుకు మంచిదే.

కొత్త చిన్నకారు లెక్క తేలటంలేదు. ఇంజను వాళ్ళు చేయాల్సింది చేశారు. నాలుగు సిలిండర్లని మూడు చేశారు, రాపిడి తగ్గించారు, ఆల్కహాలు తట్టుకుంటుంది కదా అని లోపల ఒత్తిడి పెంచారు. మేం ఆఖరి గేరుని సాగదీశాం, పెద్దరోడ్డు మీద ఇంజను నింపాదిగా తిరిగేలా. ఇంకా సాగదీస్తే చిన్న ఎత్తు వచ్చినా బండి వణుకుతోంది. వణికే కారుని మా రాష్ట్రం మీనాస్‌లో ఎవరు కొంటారు, ఊరంతా ఎత్తుపల్లాలే. ఇంతా చేసి, రోలర్ల మీద పరీక్షలో కారు అద్దానికి అంటించే ఇంధన పొదుపు చీటీలో 'ఎ' రావడానికి వెంట్రుకవాసి తక్కువగా ఉన్నాం. 'బి' వస్తే ఈ కారుని పక్కన పెట్టేస్తారని మా పై అధికారి రుబెన్స్ గారు మీటింగులో చాలా మర్యాదగా చెప్పారు. ఆయన మర్యాదగా చెప్పారంటే నిజమే.

జూలై 5, గురువారం

పొద్దున అతని పికప్ మా వీధి చివర పెద్దరోడ్డు మీదుగా పోయింది. ఆగలేదు. నేను చూడలేదు, మొక్కలకి నీళ్ళు పోద్దామని కిటికీ దగ్గరికి వెళితే కనిపించింది.

జూలై 8

అత్తగారు ఫోన్ చేసింది. "అమ్మాయీ, వాడు ఇక్కడ తింటున్నాడు గానీ మాట్లాడటంలేదు," అంది. "ఇక్కడా అంతే చేసేవాడు," అన్నాను. "నీ నోరు మంచిది కాదే," అంది ఆవిడ, కోపం లేకుండానే. కాదని నేనెప్పుడన్నాను.

జూలై 9

రుబెన్స్ గారు ఇవాళ ఒక ఉపాయం పట్టుకొచ్చారు. యూరప్‌లో చేస్తున్నారట. డ్రైవరు పెడలు మీద నుంచి కాలు తీయగానే గేరుబాక్సు తనంతట తాను ఇంజనుని విడదీసేయాలి. బండి ఉన్న ఊపుకి అలా తేలుతూ పోతుంది.

"అంటే న్యూట్రల్," అన్నాను.

"దాన్ని తేలడం అంటున్నారు, జుల్మీరా గారూ."

"ఏమన్నా అది న్యూట్రలే. లారీ డ్రైవర్లు చేసే పని. మానుకోండని బళ్ళు కొన్నవాళ్ళకిచ్చే పుస్తకంలో మనమే అచ్చేశాం."

"పుస్తకం నేనూ చదివాను. మీరొకసారి కొలిచి చూడండి, తర్వాత నన్ను తిట్టండి."

నా మొగుడి విద్యని నాకే కంపెనీ నేర్పుతోంది. కొలుస్తాను. కొలిచి ఆ కాగితం రుబెన్స్ గారి బల్ల మీద పెడతాను.

జూలై 13

ట్రాక్ మీద కొలిచాం. ఎక్కడో పొరపాటు జరిగింది.

జూలై 16

మళ్ళీ చేయించాను. టైర్లలో గాలి సరిచూశాం, డ్రైవర్ని మార్చాం.

జూలై 17

మళ్ళీ. అదే వస్తోంది.

పొరపాటు ట్రాక్‌ది కాదు, నాది. చదునుగా ఉన్నచోట, వాలీవాలని చోట, న్యూట్రలే నయం. గేరులో ఉంచి కాలు తీస్తే ఇంజను చుక్క తాగని మాట నిజమే, కానీ బండిని వెనక్కి లాగుతుంది. ఊపు చచ్చిపోతుంది. మళ్ళీ పెడలు తొక్కి ఆ ఊపు తెచ్చుకోవాలి, ఖర్చంతా అక్కడుంది. న్యూట్రల్‌లో ఇంజను కొద్దికొద్దిగా తాగుతుంది గానీ బండి ఎక్కడికో పోతుంది. అన్నీ కలిపి చూస్తే లాభం అటే.

నిటారు దిగుడులో మాత్రం లెక్క తిరగబడుతుంది. అక్కడ ఎలాగూ వేగాన్ని పట్టి ఉంచాలి. గేరులో ఉంటే ఇంజను ఊరికే పట్టుకుంటుంది. న్యూట్రల్‌లో ఇంజను తాగుతుంది, బ్రేకులు కాలుతాయి.

అంటే నేను చెప్పింది సగం. అతను చెప్పింది ఇంకో సగం. నేను మాత్రం అందరి ముందూ మొత్తం నాదే అన్నట్టు మాట్లాడాను.

జూలై 18

చెప్పాలా వద్దా.

చెబితే వస్తాడు. అది నాకు తెలుసు. వాళ్ళ తమ్ముడి ముందు తల ఎత్తుకోడానికి ఏదో ఒకటి దొరికితే చాలు, ఆ రోజే వచ్చేస్తాడు. నాకు అతను రావాలి. ఇది ఇక్కడ కాక ఇంకెక్కడ రాసుకుంటాను. రావాలి.

కానీ జెనెజియో నాకు తెలుసు. ఏ మాటలోనైనా తనకి పనికొచ్చే ముక్క విని మిగతాది వదిలేస్తాడు. "న్యూట్రల్ మంచిదే" అన్నది వింటాడు. "ఘాటులో కాదు" అన్నది వినడు. విరాడా ఘాటులో మలుపు మలుపుకీ శిలువలున్నాయి. వాటిలో సగం లారీవాళ్ళవి, బ్రేకులు కాలి, గేరు పడక పోయినవాళ్ళవి. ఒకసారి వేగం ఎక్కాక గేరు వెయ్యాలన్నా పడదు. అతని పికప్‌లో వెనక చీజు దిమ్మలు టన్ను దాకా ఉంటాయి.

చెప్పకపోతే అతను అక్కడే ఉంటాడు, ఘాటులో ఎలాగూ న్యూట్రల్‌లోనే దిగుతాడు. చెబితే ఇంటికి వస్తాడు, నేనే ఒప్పుకున్నానని చెప్పుకుంటూ మరీ దిగుతాడు.

జూలై 20

మెసేజి పెట్టాను. ఇలా రాశాను: "న్యూట్రల్ గురించి నువ్వన్నది చదును రోడ్డు మీద నిజమే. కొలిచాను. ఘాటులో మాత్రం కాదు. అక్కడ మూడో గేరు వెయ్యి. లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది."

రెండు సగాలూ రాశాను. నా పని నేను చేశాను.

జూలై 21

దిమాస్ గొంతు మెసేజి, నవ్వుతూ. "వదినా, ఏం చేశావు తల్లీ. పొద్దున చీజు కొట్లో అందరి ముందూ అన్న ఫోను తీసి చదివాడు, న్యూట్రల్ గురించి నువ్వన్నది నిజమే అని. జడ్జిమెంటు చదివినట్టు చదివాడు. నాకు ఇంక ఈ ఊళ్ళో పరువు లేదు."

"తర్వాతది చదవలేదా?" అని అడిగాను.

"తర్వాత ఇంకేముంది?"

జూలై 22, ఆదివారం

వచ్చాడు. ఒక చీజు దిమ్మ, వాళ్ళమ్మ పంపిన జామపండు హల్వా. గుమ్మంలోనే అన్నాడు, "కాఫీ ఉందా, న్యూట్రల్ డాక్టరుగారూ," అని. నవ్వాను. చాలాకాలానికి నవ్వాను, నిజంగానే.

సోఫాలో కాళ్ళు బారచాపి పడుకున్నాడు. స్నానాలగది నేల తడి.

జూలై 24

చెప్పలేదు. బుధవారం లోడుకి వెళ్ళేముందు ఘాటు మాట చెబుతాను.

జూలై 25

చెప్పలేదు. మంచిగా వెళుతున్నాడు, వెనక నుంచి పిలవబుద్ధి కాలేదు. అయినా చదివే ఉంటాడు, ఐదు వాక్యాల మెసేజి.

జూలై 27

రోలర్ల మీద 'ఎ' వచ్చింది. తేలడం వల్లే వచ్చింది. అందరూ రుబెన్స్ గారి గదిలో చీజు బన్నులు తిన్నారు.

నేనొక షరతు పెట్టాను. వాలు ఇంతకు మించితే గేరుబాక్సు తనంతట తానే మళ్ళీ ఇంజనుని కలుపుకోవాలి, డ్రైవరు ఏమనుకున్నా సరే. రుబెన్స్ గారు భుజాలు ఎగరేశారు. "రోలర్ల మీద కొండలుండవు కదా, పరీక్షలో దానివల్ల పోయేదేం లేదు. పెట్టుకోండి," అన్నారు.

మధ్యాహ్నానికి పెట్టేశాను. కారుకి రెండు సగాలూ చెప్పాను, రెండూ విన్నది. ఎదురు మాట్లాడలేదు, మొహం మాడ్చుకోలేదు. మా ఇంట్లో ఉన్నది కారైతే ఎంత సుఖంగా ఉండేదాన్నో.

ఆగస్టు 2, గురువారం

మార్కెట్ నుంచి వచ్చి పికప్ వాకిట్లో పెట్టాడు. తలుపు తీయగానే బ్రేకుల మాడు వాసన. నేను ఆఫీసులో రోజూ పీల్చే వాసనే, ఎవరూ చెప్పకపోయినా తెలుస్తుంది.

అన్నం పెట్టాక అడిగాను. ఈసారి ఎవరూ లేరు, ఇద్దరమే.

"ఘాటు న్యూట్రల్‌లోనే దిగుతున్నావా?"

"నువ్వే రాసిచ్చావు కదా," అని ఫోను తీశాడు.

"కింద కూడా రాశాను. చదివావా?"

"ఆ, చదివాను."

"ఎప్పుడు?"

"అప్పుడే. అంతా చదివాను జూ. చదువు రానివాణ్ణి కాదు."

"మరి?"

"మరేం లేదు. బీన్స్ ఇంకాస్త వెయ్యి."

వేశాను. పులుసు కొంత బల్ల మీద ఒలికింది, తుడిచాను. అంతా చదివాడట. చదివి దిగుతున్నాడు. ఇన్నాళ్ళూ విననట్టున్నాడు అనుకుని బాధపడ్డాను, విని చేస్తున్నాడంటే ఏమనుకోవాలో నాకు తెలియటంలేదు.

ఆగస్టు 4

ఇంధనం లెక్క కాగితం మీద గీసి చూపించాను. ఘాటు ఒక్కసారి దిగడంలో ఎంత పోతుందో. "అమ్మో, బానే పోతోంది," అన్నాడు. కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆ చొక్కా నేనే ఉతికాను, కాగితంతో సహా.

ఆగస్టు 6

ఇవాళ ఆఫీసులో ఏదో శబ్దానికి ఉలిక్కిపడ్డాను. ఎవరో కప్పు జారవిడిచారు, అంతే. గురువారం ఇంకా రాలేదు.

ఆగస్టు 7

సెలవు పెట్టాను. బుధవారం అతనితో వెళుతున్నాను. ఎందుకు అంటే, అత్తగారిని చూసి చాలా రోజులైంది అన్నాను. అతను నా మొహంలోకి చూసి, "సరే, అమ్మకి సంతోషం," అన్నాడు.

ఆగస్టు 9, గురువారం

వివరంగా రాసుకోవాలి.

తెల్లారాక లోడెక్కించాం. దిమ్మలు చెక్కపెట్టెల్లో, మీద తడిగుడ్డ, మీద తార్పాలిన్. అత్తగారు నా చేతిలో చీజు బన్నుల సంచి పెట్టి, "వాణ్ణి తిట్టకుండా తీసుకుపో," అంది. దిమాస్ తాళ్ళు లాగి చూస్తూ, "వదిన పక్కనుంటే ఇవాళ అన్నకి ఘాటు పరీక్షే," అన్నాడు. జెనెజియో బండి స్టార్టు చేశాడు.

మంచు విడిపోతుంటే ఘాటు పైకి చేరాం. దిగుడు మొదలయ్యేచోట రోడ్డు పక్కన మొదటి శిలువ ఉంది. నా చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను. అతను గేరు తీసినా నేను మాట్లాడకూడదని ముందే నిశ్చయించుకున్నాను. ఎందుకో తెలియదు. చూడాలి, అంతే. నేను పక్కనుండగా ఏం చేస్తాడో.

అతను క్లచ్ తొక్కాడు. నాలుగు నుంచి మూడు వేశాడు. కాలు తీశాడు.

ఇంజను గోలపెట్టింది, బండి బరువంతా దాని మీద పడింది. పికప్ నడకలో దిగింది. బ్రేకు మీద అతని కాలు చాలా తక్కువసార్లు పడింది. చక్కగా దిగాడు. మా ట్రాక్‌లో డ్రైవర్లు కూడా అంత శుభ్రంగా దిగరు. అన్ని మలుపులూ, అన్ని శిలువలూ దాటాం. ఆ చప్పుడులో మాట్లాడాలన్నా వినపడదు.

కింద వంతెన దగ్గర తాళ్ళు చూడ్డానికి ఆపాడు. నేనూ దిగాను.

"నాకోసమేనా?" అన్నాను.

"ఏంటి?"

"మూడో గేరు."

తాడు లాగి ముడి చూసుకున్నాడు. "నిన్ను పక్కన పెట్టుకుని అలా దిగుతానా," అన్నాడు.

అంటే తెలుసు. ఇంధనం తెలుసు, బ్రేకులు తెలుసు, శిలువలు తెలుసు. "మరి నిన్ను నువ్వు పక్కన పెట్టుకోవా?" అన్నాను. గట్టిగానే అన్నాను. వంతెన మీద ఆవులు తోలుకెళ్ళే అతను వెనక్కి తిరిగి చూశాడు.

జెనెజియో ఇంకో తాడు బిగించాడు. తర్వాత చెప్పాడు.

"ఆల్కహాలు కోసం కాదు జూ."

"మరి?"

"వారమంతా చప్పుడే. పాలు పితికే మోటారు, అమ్మ రేడియో, దిమాస్‌గాడి నోరు, మార్కెట్లో అరుపులు. ఇంట్లో నువ్వు. ఈ ఇంజను. ఘాటు పైన గేరు తీయగానే అన్నీ ఒక్కసారి ఆగిపోతాయి. గాలి తప్ప ఏముండదు. కిందికి వచ్చేదాకా నేను ఎవరికీ ఏమీ కాను."

"పొదుపని చెప్పావు కదా."

"మరి దిమాస్ ముందు ఇది చెప్పమంటావా?"

జూన్ నుంచి నేను ఇంధనం గురించి కొట్లాడుతున్నాను. ట్రాక్ మీద అన్నిసార్లు కొలిచాను. అతను దేని గురించి కొట్లాడుతున్నాడో ఒక్కసారి అడగలేదు.

వంతెన దాటాక రోడ్డు తిన్నగా, కొద్దిగా వాలుతూ పోతుంది. ఇటూ అటూ మేత పొలాలు. "ఇక్కడ తీసి చూపించు," అన్నాను.

"ఇక్కడా?"

"ఇక్కడ నువ్వన్నదే నిజం. కొలిచాను."

గేరు తీశాడు.

ఇంజను గొంతు పడిపోయింది. కాసేపటికి అది ఉందని కూడా మరిచిపోయాను. టైర్ల చప్పుడు, కిటికీలో గాలి, ఎక్కడో ఒక పిట్ట. బండి ఎవరూ అడక్కుండా తన మానాన తాను పోతోంది. అతని మొహం చూశాను. ఆ మొహం నేను చూసి చాలా ఏళ్ళయింది. నుదుటి మడతలన్నీ సర్దుకుని, పెదాలు కొద్దిగా తెరుచుకుని, నిద్రపోబోయే ముందు ఉన్నట్టు.

బావుంది. చాలా బావుంది, అందుకే నాకు భయం వేసింది. ఇంత బావుంటే మానడు. ఎవరు మానతారు.

బండి మెల్లగా, మెల్లగా, తనంతట తానే ఆగింది. రోడ్డు మధ్యలో. ఇద్దరం అలాగే కూర్చున్నాం. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు.

"ఘాటులో మూడు," అన్నాను. "ఇక్కడ నీ ఇష్టం. ఎంతసేపైనా. నేను ఫోను కూడా చేయను."

"సరే," అన్నాడు.

జెనెజియో అన్నింటికీ సరే అంటాడు. వెనక లారీవాడు హారన్ కొడితే గేరు వేసి కదిలాం.

ఆగస్టు 12

ఆదివారం. అత్తగారితో, మిగతావాళ్ళతో కలిసి దిమాస్ భోజనానికి వచ్చాడు. న్యూట్రల్ మాట తెచ్చాడు. జెనెజియో నోరు తెరిచేలోపే, "చదునులో మీ అన్నే కరెక్టు, నేనే పొరపడ్డాను," అన్నాను. అందరి ముందు పోగొట్టింది అందరి ముందే ఇవ్వాలి కదా. దిమాస్ బిత్తరపోయాడు. జెనెజియో సలాడ్ గిన్నె నా వైపు జరిపాడు.

ఘాటు మాట ఇద్దరం ఎత్తలేదు.

ఆగస్టు 14

బుధవారం నేను వెళ్ళలేను. ప్రతి వారం సెలవు ఎవరిస్తారు. పక్కన కూర్చుని కాపలా కాస్తూ ఒక మనిషిని ఎన్నాళ్ళని ఘాటు దింపుకొస్తాం.

ఆగస్టు 16, గురువారం

పొద్దున్నించి ఒక్క పని చేయలేదు. తెరమీద గీతలు చూస్తూ కూర్చున్నాను. రుబెన్స్ గారు వచ్చి ఏదో అడిగారు, అవునన్నాను. ఏం అడిగారో తెలియదు.

ఫోన్ చేయనన్నాను కాబట్టి చేయలేదు. అతనే చేశాడు.

"వంతెన దగ్గరున్నాను," అన్నాడు.

నేను ఊపిరి వదిలాను. వినపడేలాగే వదిలాను.

"మూడులోనే దిగాను. చెవులు హోరెత్తిపోయాయి."

"సరే."

"నమ్ముతున్నావా?"

"నమ్ముతున్నాను."

"అయితే రాత్రి వచ్చాక బ్రేకులు విప్పి చూడవుగా?"

"చూస్తాను," అన్నాను.